ఒక్క చిత్రము, పలు తెరలు

పూర్వము ప్రచార శాఖ వారి మోటారు వాహనము గ్రామమునకు వచ్చినదన్నచో అది యొక పండుగవలె నుండెడిది. సంధ్యవేళ చావడి ముందర తెల్లని తెర కట్టి, జనరేటరు నడిపి, మశూచి టీకాలను గూర్చియో, మేలురకపు విత్తనములను గూర్చియో చిత్రములు చూపెడివారు. పట్టణమునందలి సినిమా హాలులో ఆడిన చిత్రమే ఇచ్చటను ఆడవచ్చును. అయినను ఫిల్ము మాత్రము వేరు. హాలు యంత్రమునకు 35 మిల్లీమీటర్ల వెడల్పు గల ఫిల్ము, వాహనములోని చిన్న యంత్రమునకు 16 మిల్లీమీటర్ల ఫిల్ము కావలెను. పెద్ద ఫిల్ము చిన్న యంత్రములో ఎక్కదు. కావున ఒకే చిత్రమునకు రెండు కొలతలలో ప్రతులు తీయించి, ఏ యంత్రమునకు తగిన ప్రతిని దానికి పంపెడివారు.

నేడు తెర ఇంటింటికి వచ్చినది. గ్రామసభ తీర్మానములు, పంటల తెగుళ్లు, టీకాల తేదీలు, వరద హెచ్చరికలు అన్నియు వీడియోల రూపమున చేతులు మారుచున్నవి. సర్పంచు చేతిలో కొత్త స్మార్ట్ ఫోను, వార్డు సభ్యురాలి వద్ద ఏడెనిమిదేండ్ల నాటి ఫోను, పంచాయతీ కార్యాలయమున పాత కంప్యూటరు, రైతు వేదికలో పెద్ద తెర, వృద్ధుల జేబులో మీటల ఫోను: ఒక్క ఊరిలోనే ఇన్ని యంత్రములు గలవు. ఇన్నిటికిని తగిన ప్రతి ఏది? పూర్వము ఫిల్ము కొలతను గూర్చి వచ్చిన ప్రశ్నయే నేడు ఫైలు రూపమును గూర్చి వచ్చుచున్నది. దీనినే ఈ పాఠములో విచారింతము.

మాకు కలిగిన అనుభవము

ఒక వానకాలమున పత్తి చేలలోని గులాబిరంగు కాయతొలుచు పురుగును గూర్చి చిన్న వీడియో నొకదానిని మేము సిద్ధపరచి, ఆదిలాబాదు ప్రాంతపు గ్రామములకు ఫోను ద్వారా పంపితిమి. గుడ్డిపూలను గుర్తించుట, లింగాకర్షక బుట్టలను కట్టుట అందు చక్కగా చూపబడినవి. మా ఫోనులలో అది నిర్దోషముగా ఆడినది. కొన్ని దినముల పిమ్మట ఒక గ్రామమునకు పోయి, రైతులు చూచిరా యని అడుగగా, ఒక వార్డు సభ్యురాలు తన ఫోనును మా చేతికిచ్చి, "సారూ, మాట ఇనవడ్తున్నది గని బొమ్మ కనవడ్తలేదు" అనినది. చూచితిమి. తెర నల్లగా నున్నది. మా మాటలు మాత్రము వినవచ్చుచున్నవి. పంచాయతీ కార్యాలయపు కంప్యూటరులోను అదే స్థితి.

లోపము ఆమె ఫోనుది కాదు, మాది. కొత్త ఫోనుతో తీసిన వీడియోను, అది ఏ రూపమున నున్నదో విచారింపక, ఉన్నది ఉన్నట్లు పంపితిమి. "అన్ని గ్రామములకు చేరినది" అని నివేదికయు వ్రాసితిమి. ఫైలు చేరినమాట నిజమే. గుడ్డిపువ్వు ఎట్లుండునో మాత్రము ఆ ఊరి వారికి తెలియలేదు. పురుగు మన నివేదిక కొరకు ఆగదు గదా!

పెట్టె వేరు, సరకు వేరు

వీడియో ఫైలు పేరు చివర ఎంపీ4, ఎంకేవీ, ఎంఓవీ, ఏవీఐ, వెబ్‌ఎం అను గుర్తులు కనిపించును. చాలమంది ఈ గుర్తునే చూచి, "ఇది ఎంపీ4, అన్నిట ఆడును" అని అనుకొందురు. ఆ గుర్తు పెట్టె పేరు మాత్రమే. ఆ పెట్టెలో బొమ్మల వరుస యొకటి, ధ్వని వరుస యొకటి, ఒక్కొక్కప్పుడు మాటల అక్షర రూపము వేరుగా నుండును. బస్తాపై ముద్ర చూచి లోపలి ధాన్యము సన్నమో దొడ్డో నిర్ణయింపలేము. అట్లే పెట్టె ఎంపీ4 అయినను, లోపలి బొమ్మ ఏ పద్ధతిలో కుదింపబడినదో అది చెప్పదు. మా వీడియోయు ఎంపీ4 యే. లోపలి కుదింపు పద్ధతి మాత్రము ఆ పాత ఫోనునకు తెలియనిది.

ఈ కుదింపు ఎందుకు? లెక్క చూతము. పెద్ద టీవీ తెరకు తగిన బొమ్మలో అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలుండును. అనగా 20,73,600 చుక్కలు. ఒక్కొక్క చుక్క రంగు వ్రాయుటకు 3 బైట్లు, సెకనుకు 25 బొమ్మలు చొప్పున లెక్కించినచో, ఒక్క సెకనుకు 155 ఎంబీలు దాటును. పది నిమిషముల వీడియోకు 93 జీబీలు! దీనిని ఏ ఫోనుకును పంపజాలము.

కావున కుదింపు పద్ధతి ఒక యుక్తిని అవలంబించును. మాటలాడు మనిషి వెనుకనున్న గోడ సెకనుకు 25 మారులు మారదు. కదలునవి పెదవులు, చేతులు మాత్రమే. ఒక బొమ్మను పూర్తిగా వ్రాసి, తరువాతి బొమ్మలలో మారిన భాగమును మాత్రము వ్రాసిన చాలును. పహాణీలో నిరుటి వివరములను నిలిపి, మారిన పేర్లను మాత్రము దిద్దుట వంటిదే ఇది. ఇట్లు కుదించుటకును, తిరిగి విప్పుటకును గల పద్ధతికి కోడెక్ అని పేరు. కుదించినవాని పద్ధతి విప్పువానికి తెలిసియుండవలెను. తెలియనిచో తెర నల్లగా నుండును.

పద్ధతులు ఇన్ని ఏల?

నేడు విస్తారముగా వాడుకలో నున్న హెచ్.264 అను పద్ధతి 2003 లో వెలువడినది. 2013 లో హెచ్.265 వచ్చినది, బొమ్మ నాణ్యత తగ్గకయే ఫైలును సుమారు సగమునకు తగ్గించుట దీని లక్ష్యము. ఆ సంవత్సరమే గూగుల్ సంస్థ వీపీ9 ను పూర్తిచేసినది. 2018 లో పలు సంస్థలు కలిసి ఏవీ1 ను ప్రకటించినవి. కొన్ని పద్ధతులకు పేటెంటు రుసుము చెల్లింపవలసి యుండును. వీపీ9, ఏవీ1 లను రుసుము లేకుండ వాడుకొనుటకు ఉద్దేశించిరి. అందుచే ఒక్కొక్క సంస్థ ఒక్కొక్క పద్ధతి వైపు మొగ్గినది.

కొత్త పద్ధతి ఎక్కువ కుదించును, కాని విప్పుటకు ఎక్కువ శ్రమ కలిగించును. ఆ పని కొరకు ఫోను లోపల ప్రత్యేకమైన చిప్పు భాగముండవలెను. అది లేనిచో ఫోను వేడెక్కును, బ్యాటరీ త్వరగా తరుగును, బొమ్మ ఆగి ఆగి నడచును, లేదా అసలు కనిపింపదు. పదేండ్ల నాటి ఫోనులో నేటి పద్ధతిని ఆశింపరాదు. అందుచేతనే ఇరువదేండ్లు దాటిన హెచ్.264 నేటికిని అన్నిటికంటె ఎక్కువ యంత్రములలో ఆడుచున్నది. ఊరిలో పలుకుబడి గల పెద్దమనిషివలె దానిని అందరును ఎరుగుదురు.

ధ్వనికి ఏఏసీ అను పద్ధతి అట్టిదే. కాబట్టి గ్రామమునకంతకు పంపు వీడియోకు ఎంపీ4 పెట్టె, అందు హెచ్.264 బొమ్మ, ఏఏసీ ధ్వని: ఈ మూడును కలిసిన రూపమును మొదట ఎన్నుకొనవలెను. ఈ పాఠములో ఒక్క వాక్యమే గుర్తుంచుకొన వీలైనచో, ఈ వాక్యమును గుర్తుంచుకొనుడు.

బరువు లెక్క

రూపము సరియైన చాలదు. ఫైలు బరువును గూడ చూడవలెను. సెకనుకు ఎన్ని బిట్లు వ్యయమగునో దానిని బట్టి బరువు ఏర్పడును. ఎనిమిది బిట్లు ఒక బైటు. పది నిమిషముల వీడియోకు లెక్క ఇది:

1080 వరుసల బొమ్మ, సెకనుకు 5 మెగాబిట్లు: సుమారు 375 ఎంబీలు.
720 వరుసల బొమ్మ, సెకనుకు 2 మెగాబిట్లు: సుమారు 150 ఎంబీలు.
360 వరుసల బొమ్మ, సెకనుకు అర మెగాబిట్టు: ధ్వనితో కలిపి సుమారు 42 ఎంబీలు.
కేవలము ధ్వని, సెకనుకు 64 కిలోబిట్లు: 5 ఎంబీలకు లోపు.

దినమునకు ఒకటిన్నర జీబీ లభించు రీఛార్జి వేయించుకొనిన కూలివాని ఫోనులో మొదటి ప్రతి నాల్గవ వంతును మ్రింగివేయును. 360 వరుసల బొమ్మలోని చుక్కలు 1080 వరుసల బొమ్మలోని వానిలో తొమ్మిదవ వంతు మాత్రమే. అయినను అరచేతి తెరపై మాటలాడు మనిషిని చూచుటకు అది చాలును. ఆకుపై మచ్చను, పువ్వులోని పురుగును చూపవలసినప్పుడు మాత్రము కెమెరాను దగ్గరకు తీసికొనిపోయి చిత్రింపవలెను. దూరమునుండి తీసి, చుక్కల సంఖ్య పెంచినంత మాత్రమున చిన్న తెరలో పురుగు కనిపింపదు. తెరపై వ్రాయు అక్షరములు గూడ పెద్దవిగా, కొద్దిగా నుండవలెను.

లంబాడిపల్లి చెప్పు పాఠము

పాత కరీంనగరు జిల్లాలో నుండి, 2016 అక్టోబరు 11 నుండి జగిత్యాల జిల్లాలో చేరిన మల్యాల మండలములో లంబాడిపల్లి యను చిన్న గ్రామము కలదు. 2012 లో శ్రీ శ్రీరాం శ్రీకాంత్ అచ్చటి వారితో "మై విలేజ్ షో" అను యూట్యూబు చానలును ప్రారంభించిరి. పొలము పనులు చేసికొనుచు వచ్చిన శ్రీమతి మిల్కూరి గంగవ్వ ఆ చిత్రములతో రాష్ట్రమంతట ప్రసిద్ధురాలైనది. ఆ ఊరి మాట, ఆ ఊరి వాకిలి లక్షలాది తెరలకు చేరినవి.

ఆ చిత్రమును సిరిసిల్ల మగ్గము వద్ద నున్న కార్మికుడు చిన్న ఫోనులో చూడవచ్చును. గల్ఫు దేశమునకు పోయిన జగిత్యాల యువకుడు కొత్త ఫోనులో చూడవచ్చును. హైదరాబాదులో నొకరు పెద్ద టీవీలో చూడవచ్చును. తీసినవారు ఇందరికి ఇన్ని ప్రతులు చేయనవసరము లేదు. వారు మంచి ప్రతి నొకదానిని యూట్యూబునకు ఎక్కింతురు. ఆ సంస్థ యంత్రములే దానినుండి పలు కొలతలలో, పలు పద్ధతులలో ప్రతులు సిద్ధపరచును. ప్రతి ప్రతియు కొన్ని సెకనుల ముక్కలుగా నుండును. సిగ్నలు బాగుగానున్నచో ఫోను పెద్ద ముక్కను, తగ్గినచో చిన్న ముక్కను తెచ్చుకొనును. బొమ్మ కొంత మసకబారినను మాట ఆగకుండుటకు ఇదియే కారణము.

ఇందు పంచాయతీ గ్రహింపవలసిన విషయములు రెండు. ఇంటర్నెట్టులో చూపదలచినచో, ఇట్టి వేదికపై మన వద్దనున్న మేలైన ప్రతినే ఎక్కింపవలెను. ముందే ఎక్కువగా కుదించి ఎక్కించినచో అది మరల కుదింపబడి మరింత చెడును. ఫైలును మనమే చేతినుండి చేతికి పంపునప్పుడు మాత్రము ఆ ప్రతులు చేయువారు ఎవ్వరును ఉండరు. ఆ బాధ్యత మనదే.

ఏ తెరకు ఏ ప్రతి?

వాట్సాపు సమూహములకు: ఎంపీ4, హెచ్.264, 360 లేక 480 వరుసలు. మూడు నాలుగు నిమిషములకు మించకుండుట మేలు. వీడియోగా పంపినప్పుడు వాట్సాపు తానే దానిని మరల కుదించును. చిన్న అక్షరములు చెదరును. డాక్యుమెంటుగా పంపినచో మార్పు లేకుండ పోవును. అట్లు పంపుటకు ముందు రూపము సరియైనదో కాదో తప్పక చూడవలెను.

మీటల ఫోనులకు: కొన్ని మాత్రమే మెమరీ కార్డు నుండి వీడియో ఆడింపగలవు. అట్టివానికి 320 అడ్డము, 240 నిలువు చుక్కల చిన్న ప్రతిని హెచ్.264 లోని సులభమైన బేస్‌లైన్ రీతిలో చేయవలెను. మిగిలిన వానికి ధ్వని ప్రతియే శరణ్యము.

పంచాయతీ కంప్యూటరునకు, రైతు వేదిక తెరకు: 720 లేక 1080 వరుసలు, హెచ్.264. పెన్ డ్రైవులో ఇచ్చునప్పుడు ఒక చిక్కు గలదు. ఫ్యాట్32 రీతిలో సిద్ధపరచిన పెన్ డ్రైవులో 4 జీబీల ఫైలు పట్టదు. లోపల స్థలమున్నను కాపీ కాదు. పాత టీవీలు అనేకము ఈ రీతినే చదువును. కాబట్టి ఫైలునే చిన్నది చేయవలెను.

జాతర తెరలకు: కేస్లాపూరు నాగోబా జాతర వంటి చోట్ల పెద్ద తెరపై చూపుటకు 1080 వరుసల ప్రతి కావలెను. అరచేతి కొరకు చేసిన ప్రతిని అచ్చట వేసినచో ముఖములు గళ్లు గళ్లుగా కనిపించును. ఫోనును నిలువుగా పట్టి తీసిన వీడియోకు పెద్ద తెరపై ఇరుప్రక్కల నల్లని ఖాళీ మిగులును. కావున పదిమందికి చూపదలచిన దానిని అడ్డముగా పట్టి తీయవలెను.

రూపము మార్చుటకు హ్యాండ్‌బ్రేక్ వంటి ఉచిత సాఫ్టువేరులున్నవి. అందు "వెబ్" కొరకు అనుకూలపరచు గడి యొకటి యుండును, దానిని గుర్తుపెట్టవలెను. ఎంపీ4 పెట్టెలో విషయసూచిక వంటి భాగమొకటి గలదు. అది చివర నున్నచో, వెబ్‌సైటునుండి తెరచినప్పుడు వీడియో మొదలగుటకు ఆలస్యమగును. మొదట నున్నచో దిగుచుండగనే ఆడనారంభించును.

భాషల విషయము

ఆదిలాబాదు, కుమురం భీం ఆసిఫాబాదు జిల్లాలలో తెలుగుతోపాటు గోండి, కొలామి, లంబాడి, మరాఠీ, ఉర్దూ వినబడును. ఒకే పెట్టెలో బొమ్మ యొకటి, ధ్వనులు రెండు మూడు ఉంచుట సాధ్యమే. కాని అనేక ఫోనులలో మొదటి ధ్వనియే వినబడును. రెండవ దానిని ఎన్నుకొనుట సామాన్యులకు తెలియదు. కావున గోండి మాటలతో నొక ఫైలు, తెలుగు మాటలతో నొక ఫైలు వేరువేరుగా చేసి, పేరు మొదటనే భాషను వ్రాయుట మంచిది. క్రింద అక్షరములు కావలసినచో వేరు వరుసగా నుంచక బొమ్మలోనే అచ్చొత్తవలెను.

వీడియో అవసరము లేనిచోట

2020 సెప్టెంబరు 1 నుండి మన రాష్ట్రమున పాఠశాలల పిల్లలకు దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ చానళ్ల ద్వారా పాఠములు ప్రసారమైనవి. టీవీ గలవారు టీవీలోను, ఫోను గలవారు ఫోనులోను చూచిరి. రెండును లేని ఇండ్లు, సిగ్నలు అందని గూడెములు వెనుకబడినవి. ఒకే దారిని నమ్ముకొనినచో ఆ దారి లేనివాడు మిగిలిపోవునని ఆనాడు తెలిసినది.

2022 జూలైలో నిర్మల్ జిల్లా కడెం ప్రాజెక్టునకు మహావరద రాగా దిగువ గ్రామముల ప్రజలను తరలింపవలసి వచ్చినది. అట్టి రాత్రి సిగ్నలు బలహీనముగా నుండును, బ్యాటరీలో చార్జింగు తక్కువగా నుండును. అప్పుడు 40 ఎంబీల వీడియో పంపుట సాయము కాదు. రెండు పంక్తుల సందేశము, ఒక నిమిషపు ధ్వని, చాటింపు: ఇవియే తగిన రూపములు. వేగముగా చేరవలసిన దానికి తేలికైన రూపమే సరియైనది.

పంచాయతీ చేయవలసినవి

ఇందుకు పెద్ద వ్యయము అవసరము లేదు. మొదట, మీ వార్డులో ఏయే ఫోనులున్నవో, ఎందరికి మీటల ఫోను మాత్రమే గలదో ఒక జాబితా వ్రాయుడు. రెండవది, తీసిన మూల ప్రతిని చెరపక భద్రపరచుడు. మూలము నుండి చిన్న ప్రతి ఎప్పుడైనను చేయవచ్చును, చిన్న ప్రతి నుండి మూలము రాదు. ఆ మూలమును అయిదారేండ్లకొకసారి తెరచి చూచుచుండుడు. ఒకనాడు ఇంటర్నెట్టు నంతయు ఏలిన ఫ్లాష్ పద్ధతికి 2020 డిసెంబరు 31 తో తయారీ సంస్థ స్వస్తి చెప్పినది; రూపములకును ఆయుర్దాయము కలదు. మూడవది, పంపుటకు ముందు ఊరిలో అన్నిటికంటె పాత ఫోనులో ఒకసారి ఆడించి చూడుడు. మేము పైన చెప్పిన అనుభవము తరువాత మా కార్యాలయములో అట్టి పాత ఫోను నొకదానిని పరీక్ష కొరకే ఉంచుకొన్నాము. అందు ఆడనిదే ఏ వీడియోయు గడప దాటుట లేదు.

తరువాతి సమావేశమున ఈ ప్రశ్నలను చర్చింపుడు:

1. గత గ్రామసభ వీడియో మన ఊరిలో ఎందరి ఫోనులలో తెరుచుకొనినది?
2. దాని బరువు ఎన్ని ఎంబీలు? సగమునకు తగ్గించుట సాధ్యమా?
3. బొమ్మ చూడలేనివారికి ఆ విషయము ఏ దారిన చేరినది?

మూడవ ప్రశ్నకు జవాబు లేనిచో, ఆ గ్రామసభ విషయము ఇంకను ఊరిలో సగము మందికి చెప్పవలసియే యున్నదని తెలిసికొనుడు.